రొంటిన దోపుకున్న సాక్ష్యం

దగ్గర్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఇది పైకి చదవకండి. ఇందులో ఒక కొత్త అల్లుడు, ఆషాఢమాసంలో, అత్తగారి వాకిట్లో, వానలో, లుంగీ రెండు చేతులా పట్టుకుని గంతులేసిన ఘట్టం ఒకటుంది. ఆ అల్లుణ్ణి నేనే. ఆ గంతులు చూసినవాళ్ళలో కొందరు ఇప్పటికీ బతికే ఉన్నారు కాబట్టి, వాళ్ళు చెప్పేలోగా నేనే చెప్పుకుంటే పరువు కొంతైనా మిగులుతుందని ఆశ.

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. బస్సులో పక్కవాడు కాస్త జరిగి చోటిస్తే, అక్కడ తడేమైనా ఉందేమోనని చేత్తో తడిమి చూసి కూర్చునేవాణ్ణి. కొట్టువాడు నవ్వుతూ తూకం వేస్తే తక్కెడ వంక, నవ్వకుండా వేస్తే వాడి మొహం వంక చూసేవాణ్ణి. పెళ్ళిచూపుల్లో సుగుణ నన్ను చూసి నవ్వితే, ఇంత చక్కటి పిల్ల నన్ను చూసి ఎందుకు నవ్వింది, దీని వెనక ఏదో ఉందని ఇంటికొచ్చేదాకా ఆలోచించాను. ఏమీ లేదు పాపం. నా చొక్కా బొత్తాలు ఒకదానికి పెట్టాల్సింది ఇంకోదానికి పెట్టుకుని వెళ్ళాను.

అప్పట్లో నాకు కొత్తగూడెం బొగ్గు బాయిలో, లాంప్ రూములో ఉద్యోగం. బాయిలోకి దిగేవాళ్ళకు టోపీ దీపాలు ఇవ్వడం, పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం. అత్తగారి ఊరు ములకలపల్లి అవతల, అడవి మొదలయ్యే చోట. పెళ్ళి వేసవిలో అయింది. నెల తిరక్కుండానే ఆషాఢం వచ్చి కూర్చుంది. ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింట్లో ఉండాలి, కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. తొక్కితే అత్తగారికి కీడు అంటారు. సరే, నెల రోజులే కదా అని సుగుణను బస్సెక్కించి, పళ్ళు బిగబట్టుకుని రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

అంతలో ఆ దారిన తిరిగే బస్సు కండక్టరు చేత సుగుణ కబురు పంపింది. "నాన్నకు మోకాళ్ళ నొప్పులు మస్తుగున్నయట. శ్రావణం రాంగనే రాకపోతే ఏమనుకోవద్దన్నది" అన్నాడు కండక్టరు.

ఏమనుకోవద్దంటే అనుకోకుండా ఉండే మనిషినా నేను? పైగా ఆ మాట లాంప్ రూములో నా పక్కన పనిచేసే పోశాలు చెవిన కూడా పడింది. పోశాలు నాకన్నా అనుమానపు మనిషి. తేడా ఏమిటంటే వాడి అనుమానాలన్నీ ఇతరుల సంసారాల మీద.

"నీ మామకు కొడుకులున్నరా?" అన్నాడు.

"లేరు. సుగుణ ఒక్కతే."

"పొలం?"

"ఉన్నది."

"మోకాళ్ళు?"

"నొప్పులట."

పోశాలు చేతిలో ఉన్న దీపం కింద పెట్టి నా భుజం మీద చెయ్యేశాడు. చావు కబురు చెప్పేవాడు వేసినట్టుంది ఆ చెయ్యి. "ఇగ నీ పని అయిపోయిందిరా. నిన్ను ఇల్లరికం గుంజుకుంటరు. మా బాబాయిని గిట్లనే చేసిన్రు."

"ఎట్ల గుంజుకుంటరు? నేను పోతేగా!"

"నువ్వు పోవుడేంది, వాళ్ళే మందు పెడ్తరు. ఆకు పసరు. కూరల కలుపుతరు. తిన్నోనికి తిన్నట్టే తెల్వది. మా బాబాయి పులి లెక్క ఉండేటోడు. గిప్పుడు అత్త కూసోమంటే కూసుంటడు, లెవ్వమంటే లేస్తడు."

నవ్వేశాను. ఆ నవ్వు అన్నం తినేదాకా కూడా నిలవలేదు. సుగుణ రాదు. నన్నే అక్కడికి పట్టుకుపోతారు. నా ఉద్యోగం పోతుంది. అడవి అంచున అత్తగారి గేదెలు కడుగుతూ, "అవ్ అత్తమ్మా, అవ్ అత్తమ్మా" అంటూ బతుకుతాను. ఇదంతా కళ్ళకు కట్టినట్టు కనబడింది. సెలవు పెట్టి మర్నాడే బయల్దేరాను. గడప తొక్కకూడదన్నారు గానీ, వాకిట్లోకి రాకూడదని ఎవరూ అనలేదు కదా. మామను చూడ్డానికి వచ్చానని చెప్పి, అసలు సంగతి కనిపెట్టి, శ్రావణం రాగానే సుగుణను పంపుతామని మాట తీసుకుని మరీ రావాలన్నది నా ప్లాను.

నన్ను చూసి మా అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో అల్లుడా! ఆషాఢంల వచ్చినవేంది?"

"మామకు మోకాళ్ళ నొప్పులని తెలిసి ఆగలేకపోయినా అత్తమ్మా. గడప తొక్కనులే. కొట్టంల ఉంట."

వాకిట్లో ఓ పక్క గేదెల కొట్టం, అందులో నులకమంచం. మామ నర్సయ్య అప్పటికే దాని మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు. నేను వచ్చింది తన మోకాళ్ళ కోసమని వినేసరికి ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. నాకు అది నచ్చలేదు. నొప్పులతో ఉన్న మనిషి అల్లుణ్ణి చూసి అంతగా సంబరపడతాడా?

"మంచి టయానికి వచ్చినవ్ అల్లుడా" అన్నాడు. "నీకోసమే చూస్తున్న."

చూశారా! నాకోసమేనట!

"దవాఖానాకు పోయిన్రా మామా?"

"పోయిన. గోళీలిచ్చిన్రు. మింగితే కడుపుల మంట. మీ అత్త ఏదో ఆకు అంటున్నది." అని ఆగి, నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూశాడు. సంతలో ఎద్దును కొనేవాడు చూసే చూపది. "నీకు ఒంట్ల మంచిగనే ఉన్నదా? కడుపు గట్టిదేనా? ఏది తిన్నా అరుగుతదా?"

అల్లుడి ఆరోగ్యం అడిగే మామలున్నారు. అరుగుదల అడిగే మామను నేనెక్కడా చూడలేదు.

కాసేపటికి సుగుణ మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసులోకి తొంగి చూసి, వాసన చూసి, పెదవి తడుపుకున్నాను. "శ్రావణంల వస్తవా, రావా?" అని గుసగుసగా అడిగాను.

"నాన్న లేచి తిరిగితే ఎందుకు రాను? నువ్వే చూస్తున్నవ్ గదా" అంది. పోతూపోతూ ఆగి, "పెరటి దిక్కు పోకు. కంచె పొంటి దురదగొండి ఉన్నది. తాకిందంటే చచ్చినట్టే" అంది.

దురదగొండి పేరు నేను వినకపోలేదు. దాని మొహం మాత్రం ఎన్నడూ చూడలేదు. బొగ్గు దుమ్ములో పెరిగినవాణ్ణి, నాకు తోటకూరకూ గోంగూరకూ తేడాయే తెలియదు. ఆ క్షణాన నాకు తట్టింది ఒకటే. పెరట్లో నేను చూడకూడనిది ఏదో ఉంది. అందుకే ఈ దురద కథ చెప్పి భయపెడుతున్నారు.

మబ్బు కమ్మి సన్నగా జల్లు మొదలైంది. కొట్టం వెనక తడిక సందులోంచి పెరడు కనిపిస్తుంది. చూస్తే ఏముంది, మా అత్తగారు చేతికి గోనెపట్టా చుట్టుకుని, పట్టకారుతో కంచె మీది తీగ నుంచి ఒక్కొక్క లేత కొస తుంచి చేటలో వేస్తోంది! మీరే చెప్పండి, వంటకు ఆకు కోసే మనిషి ఎవరైనా పట్టకారుతో కోస్తుందా? విషం కాకపోతే ఆ జాగ్రత్త ఎందుకు? మామ కుంటుకుంటూ ఆమె దగ్గరికి పోయి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్న మాటలు మాత్రం నా చెవిన స్పష్టంగా పడ్డాయి.

"అల్లునికి చెప్పకు. ముందు ఆయనకు పెట్టు. తర్వాత సంగతి తర్వాత చూద్దాం."

మా అత్తగారు తల ఊపింది. ఆ చేట చూరు కింద పెట్టి, వానకు తడుస్తున్న పిడకలు తియ్యడానికి ఇద్దరూ అటు పోయారు.

ఇంకేం కావాలి? పోశాలు చెప్పింది అక్షరాలా నిజం. నేను అప్పుడు లేచి బస్సెక్కి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ సాక్ష్యం లేకుండా పోతే రేపు పెద్దమనుషుల్లో నా మాట ఎవరు నమ్ముతారు? ఆ ఆకు కాస్త తీసుకుపోయి ఎవరైనా తెలిసినవాళ్ళకు చూపించాలి. పిల్లిలా పెరట్లోకి పోయాను. ముట్టుకుంటే పసరు చేతికి అంటుతుందని, నా తెలివికి నేనే మురిసిపోతూ, భుజం మీది తువ్వాలు మడతలు పెట్టి దాంతో గుప్పెడు ఆకు తీసి, మూటలా చుట్టి ముడేశాను. చేతికి ఏమీ కాలేదు. "దురదగొండట, దురదగొండి!" అని నవ్వుకున్నాను. చేతిలో పట్టుకుంటే కనబడుతుందని ఆ మూటను లుంగీ లోపల రొంటిన దోపుకుని, ఏమీ ఎరగనట్టు వాకిట్లోకి నడిచాను.

నేను వేసే ముడి గురించి మీకు చెప్పలేదు కదూ. చొక్కా బొత్తాలు సరిగ్గా పెట్టుకోలేనివాడు ముడి ఎలా వేస్తాడో మీరే ఊహించుకోండి. వాకిలి నడిమికి వచ్చేసరికి అది వదులైంది. తువ్వాలు రొంటినే ఉంది. ఆకు ఒక్కొక్కటే కిందికి బయల్దేరింది.

మొదట చీమ కుట్టినట్టనిపించింది. తర్వాత చీమల పుట్ట మొత్తం. ఆ తర్వాత ఎవరో పొయ్యిలోంచి నిప్పులు తీసి లుంగీలో పోసినట్టు. నడుము, తొడలు, ఆ మధ్య చెప్పుకోకూడని సరిహద్దులు, అన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి.

"ఏమైంది అల్లుడా?" అత్తగారు పిడకలు వదిలేసి వచ్చింది.

"ఏం లేదత్తమ్మా" అన్నాను ఎగురుతూ.

"ఏం లేకపోతే ఎందుకు ఎగురుతున్నవ్?"

"ఊరికే. కాళ్ళు పట్టేసినయ్."

"లుంగీల ఏదో పడ్డదే! తేలా? పామా?"

పాము అన్న మాట వినగానే మామ మూలనున్న కర్ర అందుకుని నా మీదికి పరిగెత్తుకొచ్చాడు. పరిగెత్తుకొచ్చాడండీ! అంత మంటలోనూ, అంత గంతులోనూ నా మనసు ఊరుకోలేదు. మోకాళ్ళ నొప్పులన్న మనిషి పరుగు చూశారా అనుకున్నాను. మరుక్షణం ఆయన "అబ్బా" అని మోకాలు పట్టుకుని బురదలో కూలబడ్డాడు. ఆ అనుమానం అక్కడ పోయింది. మిగతావి ఇంకా ఉన్నాయి.

"లుంగీ ఇప్పెయ్యరా నాయనా!" అని బురదలోంచి అరుస్తున్నాడు మామ.

అత్తగారి ముందు లుంగీ విప్పమంటాడేమిటి? రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఇంకా ఎగిరాను. ఆగలేక ఒక చెయ్యి వదిలి, గోలెంలో నీళ్ళు ముంచి కుమ్మరించుకుని, పరపరా రుద్దుకున్నాను. మంట ఇంకో జానెడు పాకింది. ఇక ఆలోచన లేదు, అనుమానం లేదు. తలుపు ఎటు తెరిచి ఉంటే అటు దూకాను.

వెనక నుంచి అత్తగారి కేక వినబడింది. "గడప! గడప దాటిండే! ఆషాఢంల గడప దాటిండు!"

లోపలి గదిలో లుంగీ విదిలించి మూలకు విసిరేశాను. సుగుణ వచ్చి ఆ లుంగీని చీపురుకట్టతో ఎత్తి చూసింది. ఆకు చూసింది. నన్ను చూసింది. నాకో దుప్పటి విసిరింది. గుమ్మం అవతల నుంచి అత్తగారు చెప్పడం మొదలుపెట్టింది. "రుద్దొద్దని చెప్పు బిడ్డా! రుద్దితే గా సన్న ముండ్లు లోపలికి పోతయ్. పిండి ముద్ద కలిపి అద్ది తియ్యి. అద్దుడే, గీకుడు లేదు. ముండ్లు పోయినంక సబ్బుతోని కడగమను. మొహం ఉబ్బుతున్నదా? దమ్ము మంచిగ ఆడుతున్నదా? ఆడకపోతే జల్దీ బండి కట్టి దవాఖానాకు పోవాలె!"

"దమ్ము ఆడుతున్నదే అమ్మా. సిగ్గే లేదు" అంది సుగుణ.

పిండి ముద్ద అద్ది తీస్తుంటే నిజంగానే మంట దిగింది. పూర్తిగా పోలేదు, దద్దుర్లు పొద్దుగూకేదాకా ఉన్నాయి. కానీ మనిషిలా కూర్చోగలిగాను. అప్పుడు మొదలైంది విచారణ.

"గా ఆకు నీ నడుములకెట్ల వచ్చింది?" అంది సుగుణ.

"గాలికి..."

"గాలికి ఎగిరి లుంగీల దూరిందా? తువ్వాల మూట కట్టుకుని మరీ?"

మామ, అత్తగారు కూడా వచ్చి నిలబడ్డారు. దుప్పటి కప్పుకున్న మనిషి ఎక్కడికి పారిపోతాడు? మొత్తం చెప్పేశాను. ఇల్లరికం, మందు, పోశాలు బాబాయి, చాటుగా విన్న మాట, పెద్దమనుషులకు చూపించాలనుకున్న సాక్ష్యం, అన్నీ.

అత్తగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందేమో అనుకున్నాను. ఏడుస్తోంది. "నీ మామ మోకాళ్ళకని వండుతుంటి బిడ్డా. పర్ణశాల కాడ మా అమ్మగారింట్ల వానకాలం పప్పుల ఏసుకుని తింటుంటిమి. నీకు మందు పెడ్తనా నేను?"

నా జీవితంలో అంత సిగ్గుపడ్డ రోజు లేదు. దద్దుర్లకన్నా ఆ మాటే ఎక్కువ మండింది.

సుగుణ కళ్ళు ఎర్రబడ్డాయి. "మా అమ్మ చేతి కూడు నమ్మనోడు రేపు నా చేతి కూడు నమ్ముతడా? నేను శ్రావణంల రాను. ఎన్నడూ రాను."

"సుగుణా..."

"వస్తా. ఒక్కటే షరతు. గా ఆకు అమ్మ వండుతది. నువ్వు మా అందరి ముందు కూసుని తినాలె. మూతి ముడవకుండ తినాలె."

ఎట్లాగూ గడప దాటేశాను కాబట్టి వంటింట్లోనే పీట వేశారు. లేత ఆకు వేడినీళ్ళలో బాగా ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, పప్పులో వేసి మళ్ళీ మెత్తగా ఉడికించి, ఎల్లిపాయ తాలింపు పెట్టింది అత్తగారు. "మంచిగ ఉడికితే దురద పోతది. పచ్చిది, ముదురుది తినొద్దు. కడుపుతో ఉన్నోళ్ళు అసలే తినొద్దంటరు" అంటూ వడ్డించింది. ఆ ఆకే ఇందాక నన్ను ఏం చేసిందో నడుముకు ఇంకా గుర్తుంది. ఇప్పుడు అదే నాలుక మీద! ఎదురుగా సుగుణ. తినకపోతే ఆమె లేదు. కళ్ళు మూసుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

తోటకూర పప్పులా ఉంది. నిజం చెప్పాలంటే తోటకూరకన్నా బాగుంది.

మామ మాత్రం నా పక్కనే కూర్చుని కళ్ళార్పకుండా నా గొంతు వంకే చూస్తున్నాడు. "నాలుక దురద పెడ్తున్నదా అల్లుడా?"

"లేదు మామా."

"గొంతు?"

"లేదు."

"కడుపుల ఏమన్నా కలుక్కుమంటున్నదా? ఆగి చెప్పు, తొందరేం లేదు."

ఇంకో ముద్ద తిన్నాను. మంచినీళ్ళు తాగాను. బతికే ఉన్నాను. మామ అదంతా చూసి, గుండెల నిండా గాలి పీల్చుకుని, కంచం ముందుకు జరుపుకున్నాడు. "ఏమే, ఇగ నాకు పెట్టు."

అత్తగారి చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. "అంటే... నువ్వు ముందు ఆయనకు పెట్టుమన్నది..."

"మరి? దురదగొండి అంటివి. తింటే లోపల ఏమైతదో ఎవడు చూసిండు?"

"వానలు పడ్డకాన్నుంచి బతిమాలుతున్న! నేను తిని చూపిస్త అంటే, నీకు అలవాటే అంటివి! అల్లుడు రానీ అప్పుడు వండు అంటే, అల్లునికి మర్యాద చేస్తున్నవనుకున్న గదయ్యా! కొత్త అల్లుని మీద పరీక్ష చేస్తవా?"

మామ తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు. అంటే అయ్యా, నా అనుమానం తప్పు కాదు! నాకు తెలియకుండా నాకేదో పెట్టాలని ఆ ఇంట్లో కుట్ర నిజంగానే జరిగింది. పీట మీద నుంచి సగం లేచి, "చూసినవా సుగుణా!" అనబోయాను.

సుగుణ తండ్రి వంక చూసింది. నా వంక చూసింది. మళ్ళీ తండ్రి వంక. అంతసేపూ బిగబట్టిన మొహం విచ్చుకుని పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆగదు.

"అమ్మా, ఈనతోని ఇన్ని ఏండ్లు ఎట్ల ఏగినవే?" అంది నవ్వులోనే.

"ఏం చేస్త? వండుకుంట, ముందు నేనే తినుకుంట" అంది అత్తగారు.

"తనసొంటోన్నే ఇంకోన్ని చూసి నాకు కట్టిండు నాన్న!"

ఆమె వస్తుందని ఆ నవ్వుతోనే నాకు తెలిసిపోయింది. శ్రావణం రాగానే వచ్చింది కూడా. నేను గడప దాటిన పాపానికి అత్తగారికి ఏ కీడూ రాలేదు. మామ ఆ వానకాలమంతా పప్పు తిన్నాడు. నొప్పులు తగ్గాయని ఊరంతా చెప్పాడు. తగ్గింది ఆకుతోనో, వానలు వెలిసి ఎండ రావడంతోనో, డాక్టరు మార్చి ఇచ్చిన గోళీలతోనో నేను చెప్పలేను. ఆయన మూడిటినీ అనుమానించాడు.

ఇక నా ప్రతిజ్ఞ. దద్దుర్ల సాక్షిగా, పిండి ముద్ద సాక్షిగా, ఇందుమూలంగా అందరికీ తెలియజేసుకునేది ఏమిటంటే, నేను ఈ జన్మలో ఎవరి ఇంట ఏ ఆకు కూరనూ అనుమానించను. అనుమానించినా దొంగిలించను. దొంగిలించినా లుంగీలో దోపుకోను. ఏది వడ్డిస్తే అది, ఎంత వడ్డిస్తే అంత, మారుమాట లేకుండా కళ్ళు మూసుకుని తింటాను. మా మామగారు నాకన్నా ముందు తింటేనే.